అనాటమీ బట్టీకి లొంగదు

చెన్నూరు: ఇంటర్‌లో బై.పి.సి. ముగించి చెన్నూరు, ఖాజీపేట, వల్లూరు పల్లెల నుంచి నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్, ఫిజియోథెరపీ చదువులకు వెళ్తున్న పిల్లలు వున్నారు. వారిలో ఆడపిల్లల ఉత్సాహం చెప్పుకోదగినది. అయితే మొదటి పరీక్షల ఫలితాలు వచ్చేసరికి కొన్ని ఇళ్ళలో ఒకే మాట వినిపిస్తోంది. "అన్నీ అయినాయి, అనాటమీ పోయింది."

ఆ మాట వెనుక వున్నది ఒక పేపరు మాత్రమే కాదు. పసుపు అమ్మిన డబ్బుతోనో, బంగారం కుదువ పెట్టిన డబ్బుతోనో కట్టిన ఫీజు వుంది. హాస్టలు బాకీ వుంది. "ఈ చదువు మనకు వచ్చేది కాదులే, సంబంధం చూద్దాం" అనే పెద్దల తొందర వుంది. అమ్మాయికి తెలివి లేదని ఇంటిల్లిపాదీ తీర్మానించేస్తారు. కొన్నాళ్ళకు ఆ అమ్మాయీ అదే నమ్ముతుంది. ఈ తీర్మానం తప్పు. లోపం చాలావరకు చదివే పద్ధతిలో వుంది. ఇంటర్ దాకా గట్టెక్కించిన పద్ధతే ఇక్కడ ముంచుతోంది.

ఆ పద్ధతి పేరు బట్టీ. గైడు ముందు పెట్టుకుని తెల్లవారుజామున లేచి, అర్థమైనా కాకపోయినా పేరాలకు పేరాలు కంఠస్థం చేసి, పరీక్షలో దించి రావడం. ఇంటర్‌లో అడిగే ప్రశ్నలు చాలావరకు తెలిసినవే కాబట్టి అది నడిచింది. శరీర నిర్మాణ శాస్త్రం, శరీర ధర్మ శాస్త్రం వద్దకు వచ్చేసరికి మోయవలసిన బరువు ఎక్కువ, వున్న సమయం తక్కువ. భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన సెమిస్టర్ పద్ధతిలో బి.యస్సీ. నర్సింగ్ తొలి సెమిస్టర్‌లోనే అనాటమీకి 60 గంటలు, ఫిజియాలజీకి 60 గంటలు కేటాయించారు. రెంటికీ కలిపి ఒకే ప్రశ్నపత్రం. అందులో అనాటమీకి 37 మార్కులు, ఫిజియాలజీకి 38. గట్టెక్కాలంటే 50 శాతం రావాలి. 206 ఎముకలు, కపాలం నుంచి వచ్చే 12 జతల నరాలు, గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, గ్రంథులు అన్నీ ఈ గంటలలోనే. పైగా అంతా ఇంగ్లీషు. ఆ ఇంగ్లీషులో సగం లాటిన్, గ్రీకు. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లకు ఏకకాలంలో రెండు కొత్త చదువులు నెత్తిన పడినట్లే.

ఇటువంటి పిల్ల చేయవలసిన మొదటి పని ఏ పాఠమైనా ముందు తెలుగులో అర్థం చేసుకోవడం. ఇది నామోషీ అని కొందరు అనుకుంటారు. ఇంగ్లీషులో చదివేది ఇంగ్లీషులోనే ఆలోచించాలని హాస్టళ్ళలో సీనియర్లు బోధిస్తారు కూడా. అర్థం కాని భాషలో ఆలోచన సాగదు, అప్పజెప్పడం మాత్రమే సాగుతుంది.

రక్త ప్రసరణ పాఠమే తీసుకుంటే, కె.సి. కాలువ కింద సేద్యం చేసే ఇంటి పిల్లకు అది సగం తెలిసిన పాఠమే. గుండె మోటారు. దాని ఎడమ గది నుంచి బయలుదేరే అయోర్టా ప్రధాన కాలువ. దాని నుంచి చీలే ధమనులు పంట కాలువలు, ఇంకా చీలితే పిల్ల కాలువలు. చివర వెంట్రుక కంటే సన్నని కేశనాళికలు మడిలో ఇంకే తడి. వాడిన నీటిని మళ్ళించే మురుగు కాలువల వంటివి సిరలు. గుండెలోని కవాటాలు ఎందుకున్నాయో మోటారుకు ఫుట్ వాల్వు బిగించిన రైతు ఒక్క ముక్కలో చెప్పగలడు: ఎక్కిన నీరు వెనక్కి జారకుండా. కాలువ మీద లస్కరు తూములు మూసి తెరిచి వంతులు వేసినట్లే, సన్నని ధమనులు బిగుసుకుని, వదులై ఏ అవయవానికి ఎంత రక్తం పోవాలో నిర్ణయిస్తాయి. పరుగెత్తేటప్పుడు కండరాల వంతు, అన్నం తిన్న తర్వాత పేగుల వంతు.

పోలిక ఎక్కడ తెగుతుందో కూడా పిల్లలే కనుక్కోవాలి. అసలు చదువు అక్కడే వుంది. పొలానికి పారిన నీరు తిరిగి అదే మోటారుకు రాదు. రక్తం మాత్రం కుడి గదికి తిరిగి వచ్చి, ఊపిరితిత్తులకు పోయి ప్రాణవాయువు నింపుకుని మళ్ళీ ఎడమ గదికి చేరుతుంది. అంటే మోటారు ఒకటి కాదు, పక్కపక్కన రెండు. ఈ ఒక్క తేడా సొంతంగా పట్టుకున్న విద్యార్థినికి గుండె పాఠంలో కంఠస్థం చేయవలసింది పెద్దగా మిగలదు. విశ్రాంతిగా వున్న మనిషి గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం తోడుతుంది. రోజుకు 7,000 లీటర్లు దాటుతుంది. అయిదు వేల లీటర్ల నీళ్ళ ట్యాంకరుతో లెక్కిస్తే దాదాపు ఒకటిన్నర ట్యాంకర్లు. ఈ అంకె ఒకసారి విన్న పల్లెటూరి పిల్ల ఇక మరచిపోదు.

మూత్రపిండాల పాఠమూ అంతే. రెండు మూత్రపిండాలు కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయని పుస్తకంలో వుంటుంది. మనిషి విసర్జించే మూత్రం ఒకటిన్నర లీటరు అటూఇటూ. బట్టీ పట్టే పిల్ల రెండు అంకెలనూ వల్లె వేస్తుంది. అర్థం కోరే పిల్ల ఒక ప్రశ్న వేస్తుంది. మిగతా 178 లీటర్లు ఏమైనట్లు? జవాబు వెతికితే మొత్తం పాఠం విప్పుకుంటుంది: నాళికలలో ఏది ఎక్కడ తిరిగి రక్తంలోకి పీల్చుకోబడుతుంది, ఉప్పు ఎక్కడ, చక్కెర ఎక్కడ, నీరు ఎక్కడ. మే నెల ఎండలో కూలికి పోయి వచ్చిన తల్లికి మూత్రం తక్కువగా, ముదురు పచ్చగా ఎందుకు పోతుందన్నది అదే పాఠం. ఒంట్లో నీరు తగ్గితే మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి ఒక హార్మోను విడుదలై, నీటిని వదలవద్దని మూత్రపిండానికి చెబుతుంది. పరీక్షలో అడిగేది ఆ హార్మోను పేరు. పేరు తెలిసినంత మాత్రాన చాలదు, దాని పని తెలియాలి. విరేచనాలు పట్టుకున్న బిడ్డకు ఉప్పు, చక్కెర కలిపిన నీరు ఎందుకు పడతారో కూడా ఇక్కడే తేలుతుంది. పేగు గోడలో చక్కెర తనతో పాటు ఉప్పును లోపలికి తీసుకుపోతుంది, ఉప్పు వెంట నీరు పోతుంది. రేపు ఆసుపత్రిలో ఆ తల్లికి ఈ మాట చెప్పవలసింది ఈ విద్యార్థినే.

స్వభాషలో వైద్యవిద్య అంటే నవ్వేవారు చరిత్ర చూడాలి. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. అక్కడ వైద్యంతో సహా ఉన్నత చదువులు ఉర్దూలో దశాబ్దాల పాటు సాగాయి. 2022లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఎం.బి.బి.ఎస్. తొలి ఏడాది పుస్తకాలను హిందీలో విడుదల చేసింది. అందులో అనాటమీ, ఫిజియాలజీ రెండూ వున్నాయి. అలాగని ఇంగ్లీషు పేర్లను వదిలేయమని కాదు. వార్డులో డాక్టరు 'ఫీమర్' అంటాడు, కేసు షీటులో అదే రాస్తాడు. తొడ ఎముక అని మాత్రమే తెలిసిన నర్సు అక్కడ తెల్లబోతుంది. సంగతి తెలుగులో తెలుసుకుని పేరు ఇంగ్లీషులో పట్టుకోవడమే దారి. ఇందుకు కాలేజీలు తొలివారంలోనే రెండు భాషలలో పదాల పట్టిక ఒకటి చేతికివ్వవచ్చు. పెద్ద ఖర్చేమీ లేదు, కొన్ని పేజీల సంగతి. ఇన్ని వేల ఫీజులు తీసుకునేవారు ఈపాటి పని చేయకపోవడం విచారకరం.

పేర్ల భయం కూడా దగ్గరకు పోతే తగ్గేదే. మన పల్లెల్లో ఇరవై నాలుగు గంటల నొప్పి అనేదాన్నే ఆసుపత్రిలో అపెండిసైటిస్ అంటారు. చివర 'ఐటిస్' అని వస్తే వాపు. టాన్సిలైటిస్, ఆర్థ్రైటిస్, హెపటైటిస్ అన్నీ ఆ కుటుంబమే. చివర 'ఎక్టమీ' వస్తే కోసి తీసివేయడం. 'హెపాట్' అంటే కాలేయం, 'నెఫ్రో' అంటే మూత్రపిండం, 'కార్డియో' అంటే గుండె, 'ఆస్టియో' అంటే ఎముక. ఇటువంటి ముక్కలు ఒక యాభై నేర్చుకుంటే కొత్త మాట ఎదురైనప్పుడు విరిచి చూసుకోవచ్చు. ఎముకల పేర్లు పెట్టిన పాతకాలపు వారు కూడా తమ ఇంటి సామాను చూసే పెట్టారు. 'టిబియా' అంటే లాటిన్‌లో పిల్లనగ్రోవి, 'పటెల్లా' అంటే చిన్న పళ్ళెం, 'క్లావికిల్' అంటే చిన్న తాళంచెవి. చెవి లోపలి 'కోక్లియా' అంటే నత్త. మోకాలి చిప్పను పల్లెవాళ్ళు చిప్ప అనడానికీ, రోమన్లు పళ్ళెం అనడానికీ తేడా ఏముంది?

ఇక్కడ ఒక ఉచ్చు వుంది, తెలుగు పిల్లలు తరచు పడేది. 'ఇలియం' అని పలికేవి రెండున్నాయి. ఒకటి తుంటి ఎముకలో భాగం, మరొకటి చిన్న పేగు చివరి భాగం. తెలుగులో రాసుకుంటే రెండూ ఒకటే. ఇంగ్లీషులో 'ఎల్' తర్వాత 'ఐ' వస్తే ఎముక, 'ఈ' వస్తే పేగు. పేగు గురించి అడిగితే ఎముక గురించి రెండు పేజీలు రాసి వచ్చే ప్రమాదం వుంది. అందుకే నోట్సులో పేర్లను ఇంగ్లీషు అక్షరాలలోనే రాసుకోవాలి. వివరణ ఎంత తెలుగులో వున్నా ఫరవాలేదు.

అర్థమైంది కదా అని ఊరుకుంటే చాలదు. అర్థమైనదీ జారిపోతుంది. చాలామంది చేసే పని పుస్తకాన్ని మళ్ళీ మళ్ళీ చదవడం, రంగు పెన్నులతో గీతలు కొట్టడం. చదివేటప్పుడు అంతా తెలిసినట్లే వుంటుంది. అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో దీనిని పరీక్షించి చూశారు. ఒక పాఠాన్ని కొందరు నాలుగుసార్లు చదివారు. మరికొందరు ఒక్కసారి చదివి, మూడుసార్లు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే నాలుగుసార్లు చదివిన వారిదే పైచేయి. వారం తర్వాత అడిగితే లెక్క తలకిందులైంది. చదివినవారికి 40 శాతం గుర్తుంటే, మూసి రాసినవారికి 61 శాతం గుర్తుంది. పరీక్ష అయిదు నిమిషాల తర్వాత రాదు కదా.

ఇది మన ఊళ్ళకు కొత్త విద్య కాదు. కురుక్షేత్రం నాటకం ఆడేవాడు పద్యం నేర్చేది పుస్తకం చూస్తూ కాదు, మూసి పాడుతూ, తడబడినచోట హార్మోనియం మాస్టరు అందిస్తే సరిచేసుకుంటూ. పంతులు ఎక్కాలను వరసన అప్పజెప్పించుకుని ఊరుకోక, "ఏడు ఎనిమిదులు ఎంత?" అని నడుమ అడిగేవాడు. అనాటమీకి కావలసింది ఆ నడుమ ప్రశ్నే. పొద్దున విన్న పాఠాన్ని ఆ సాయంత్రమే, తెల్ల కాగితం మీద పుస్తకం మూసి బొమ్మగా గీయాలి. భాగాల పేర్లు పెట్టాలి. తర్వాత పుస్తకం తెరిచి తప్పినవి ఎర్ర సిరాతో దిద్దాలి. మూడు రోజులకు మళ్ళీ గీయాలి, ఆదివారం మరోసారి. బొమ్మ అందంగా రానక్కరలేదు. గుండె బొమ్మ మామిడికాయలా వచ్చినా గదులు, కవాటాలు, రక్తం పోయే దిక్కు సరిగ్గా వుంటే చాలు. రాత్రంతా మేలుకుని ఒకే ఊపున చదివేది మర్నాటికే పనికి వస్తుంది. రోజుకు గంట చొప్పున విడదీసి చదివేది నిలుస్తుంది. నిద్ర మానుకోవడం శ్రద్ధకు గుర్తు అనే నమ్మకం మన ఇళ్ళలో గట్టిగా వుంది. అదొక దురలవాటు.

ఇప్పుడు సెల్‌ఫోనులో వీడియోలు దండిగా వున్నాయి, తెలుగులో కూడా. పాఠానికి ముందు ఒకసారి చూస్తే తోవ తెలుస్తుంది. కానీ చూడడం నేర్చుకోవడం కాదు. క్రికెట్ ఎంత చూసినా బ్యాటింగ్ రానట్లే.

అన్నిటికంటె చవకైన పుస్తకం ఒకటి ప్రతి విద్యార్థినితోనూ వుంది. అది ఆమె ఒళ్ళు. మోచేతి కొన తడిమి చూస్తే అది ముంజేతిలోని 'అల్నా' అని తెలుస్తుంది. మణికట్టు వద్ద, బొటనవేలి వైపు నాడి దొరికేది 'రేడియల్' ధమని. పాదం లోపలి వైపు చీలమండ బుడిపె టిబియాది, బయటి వైపుది ఫిబ్యులాది. ప్రాక్టికల్స్‌లో ఎముక చేతికిచ్చి ఇది కుడిదా ఎడమదా అని అడిగినప్పుడు, దాన్ని తన ఒంటికి ఆనించి పట్టుకుని చూసే అలవాటున్న పిల్ల తికమకపడదు. ఆదివారం మాంసం కొట్టు దగ్గర పొట్టేలు గుండెకాయ ఒకటి అడిగి తెచ్చుకుని నిలువుగా కోసి చూస్తే నాలుగు గదులూ కనబడతాయి. ఎడమ గది గోడ కుడిదాని కంటె ఎంత మందమో వేలికి తెలుస్తుంది. ఊపిరితిత్తుల దాకానే పంపేదానికీ, ఒళ్ళంతా పంపేదానికీ ఆ తేడా వుండాలి మరి. తర్వాత కూర వండుకోవచ్చు. పట్నం పిల్లలు ఛార్టులో చూసేదాన్ని పల్లె పిల్లలు చేతితో పట్టుకుని చూడగలరు. ఈ అనుకూలతను ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ముగ్గురు నలుగురు కలిసి చదవడం మంచిదే, ఒక షరతు మీద. ఒకరు అడగాలి, ఒకరు పుస్తకం లేకుండా చెప్పాలి, మిగిలినవారు తప్పు పట్టాలి. అది లేకపోతే కలిసి చదవడం కబుర్లకు దారితీస్తుంది. సెలవుకు ఇంటికి వచ్చిన పిల్ల అవ్వకు జీర్ణాశయం గురించి చెప్పి చూడవచ్చు. ఒక్క ఇంగ్లీషు ముక్క లేకుండా అవ్వకు అర్థమయ్యేలా చెప్పగలిగితే ఆ పాఠం వచ్చినట్లే. ఎక్కడ నత్తి వచ్చిందో అక్కడ మళ్ళీ చదవాలి.

ఇళ్ళలోని పెద్దలకు చెప్పవలసిన మాట ఒకటుంది. నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం ప్రతి సబ్జెక్టులోనూ 80 శాతం హాజరు లేనిదే పరీక్షకు కూర్చోనివ్వరు, కారణం ఏదైనా సరే. 60 గంటల పాఠంలో 12 గంటలు మించి పోరాదన్న మాట. మేనత్త కూతురి పెళ్ళి అని మూడు రోజులు, తిరునాళ్ళ అని రెండు రోజులు, పసుపు తవ్వకాలకు మనుషులు లేరని వారం రోజులు పిలిపించుకుంటే ఆ 12 గంటలు ఎప్పుడో కరిగిపోతాయి. పోయిన పాఠం మళ్ళీ ఎవరూ చెప్పరు. గుండె తెలియనిదే రక్తపోటు అర్థం కాదు, రక్తపోటు తెలియనిదే మూత్రపిండం అర్థం కాదు. ఒక మెట్టు విరిగితే పై మెట్లు అందవు. మగపిల్లవాడిని ఇంజనీరింగ్ కాలేజీ నుంచి కోతలకు పిలిపించని ఇళ్ళు కూడా ఆడపిల్లను మాత్రం పిలిపించడం అన్యాయం.

కడపలో రిమ్స్ 2006లో వచ్చే దాకా ఈ జిల్లా నుంచి డాక్టరు కావాలనుకున్న పిల్లలు కర్నూలుకో తిరుపతికో పోవలసి వచ్చేది. దూరం తగ్గింది. పేపరు పోతే చదువే ముగిసిందనే భయం మాత్రం తగ్గలేదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కినవాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై, పూర్తి డిగ్రీ దక్కక ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్నాడు. ఆ తర్వాత మద్రాసులోనే ఆయుర్వేద కళాశాలలో ఆయన చెప్పిన పాఠం అనాటమీ. అమెరికా వెళ్ళి సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. కండరానికి శక్తినిచ్చే ఏ.టి.పి. ఆయన పరిశోధనలోనూ 1929లో బయటపడింది. ఫిజియాలజీలో కండరాల పాఠం తీస్తే నేటి పిల్లలు చదివేది ఆ ఏ.టి.పి. గురించే.

పేపరు పోయిన అమ్మాయి మొదట చేయవలసింది ఆ ప్రశ్నపత్రాన్ని తెచ్చుకుని, రాయలేకపోయిన ప్రతి ప్రశ్న పక్కనా కారణం రాసుకోవడం. అసలు తెలియకనా, తెలిసీ ఇంగ్లీషు మాట రాకనా, బొమ్మ వేయలేకనా, టైము చాలకనా? నాలుగింటికీ మందు వేరు. తెలియకపోతే ఆ పాఠం తెలుగులో మొదటి నుంచి మొదలుపెట్టాలి. మాట రాకపోతే రోజుకు పది పదాలు స్పెల్లింగుతో రాయాలి. బొమ్మ రాకపోతే ఆ ఒక్క బొమ్మనే వారంలో నాలుగుసార్లు పుస్తకం మూసి గీయాలి. టైము చాలనివారు పాత ప్రశ్నపత్రాలు తెచ్చుకుని, ఎదుట గడియారం పెట్టుకుని, ఒక ఆదివారం అనాటమీ 37 మార్కుల భాగం, మరో ఆదివారం ఫిజియాలజీ 38 మార్కుల భాగం గంటన్నరలో ముగించేలా రాసి, తోటి విద్యార్థినితో దిద్దించుకోవాలి. సప్లిమెంటరీకి ఇటువంటి ఆదివారాలు ఎన్ని మిగిలాయో ఫలితాలు వచ్చిన రోజునే క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోవాలి.